వరంగల్ మిద్దెల మీద అంతస్తుల ఆకుకూరల సాగు

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో రెండు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నవారికి పెరడు మిగలడం అరుదు. ఇంటి చుట్టూ మూడడుగుల సందు, ముందు బండ్లు నిలిపే చోటు పోగా ఆకాశం కనిపించే జాగా మిద్దె ఒక్కటే. అక్కడ కూడా నీళ్ల ట్యాంకు, మెట్ల గది, బట్టలు ఆరవేసే తీగలు, కొన్ని ఇళ్లలో సోలార్ పలకలు ఉంటాయి కనుక సాగుకు దొరికేది చాలాసార్లు పది పన్నెండు చదరపు మీటర్లే. అంత చోటులో కుండీలను కింద పరిచి పెంచితే నడవడానికి దారి ఉండదు. అరలు అరలుగా పైకి పేర్చి పండించే అంతస్తుల సాగు, అంటే వర్టికల్ ఫార్మింగ్, ఇటువంటి ఇళ్లకు బాగా పనికివస్తుంది. అయితే వీడియోలలో కనిపించే గులాబీ రంగు దీపాల గదులను చూసి దిగితే చేతి చమురు వదులుతుంది. మన ప్రాంతంలో ఈ సాగును ఎండను ఆధారం చేసుకుని, ఆకుకూరలకు పరిమితం చేసుకుని, మిద్దె మోయగలిగినంత బరువుతో చేయాలి. ఈ లెక్కలు ఎలా వేసుకోవాలో, అరలు ఎలా కట్టించుకోవాలో, ఏ కాలంలో ఏమి విత్తాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఎన్ని అరలన్నది వెలుతురును బట్టే

ఈ సాగుకు దిగేవారు ముందుగా అడిగే ప్రశ్న, ఎన్ని అరలు పెట్టవచ్చునన్నది. దానికి జవాబు మనకున్న ఎత్తులో కాక, కింది అరకు చేరే వెలుతురులో ఉంటుంది. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో డిక్సన్ డెస్పోమియర్ 1999లో తన విద్యార్థులతో కలిసి బహుళ అంతస్తుల భవనంలో పంటలు పండించే ఆలోచనకు రూపమిచ్చిన తరువాత, చాలా దేశాలలో కిటికీలు లేని గదులలో ఎల్‌ఈడీ దీపాల కింద ఆకుకూరలు పెంచే సంస్థలు పుట్టుకొచ్చాయి. ఆ పద్ధతిలో నీరు బాగా ఆదా అవుతుంది, పురుగుల బెడద తక్కువ, వానతోనూ ఎండతోనూ పనిలేదు. కానీ సూర్యుడు ఊరికే ఇచ్చేదానిని కరెంటు బిల్లు కట్టి కొనుక్కోవలసి వస్తుంది. మంచి రకం ఎల్‌ఈడీ దీపంతో ఒక చదరపు మీటరు ఆకుకూరకు చాలినంత వెలుతురు ఇవ్వడానికి రోజుకు సుమారు ఒకటిన్నర యూనిట్లు, నెలకు 45 యూనిట్లు కావాలి. ఆ చదరపు మీటరులో నెలకు రెండున్నర కిలోల ఆకు వచ్చిందనుకుని, యూనిట్‌కు 6 రూపాయలు వేసుకున్నా, కిలో ఆకుకు దీపాల ఖర్చే 108 రూపాయలు అవుతుంది. గది చల్లబరచడానికి అయ్యే ఖర్చు దీనికి అదనం. పాలకూర కట్ట కొనేటప్పుడు రూపాయి దగ్గర కూడా బేరమాడే ఊళ్లో ఈ లెక్క నిలవదు. డబ్బున్న దేశాలలో కూడా అంత సులువుగా నిలవలేదు. అమెరికాలోని నెవార్క్ నగరంలో పెద్ద ఎత్తున ఇటువంటి సాగు నడిపిన ఏరోఫార్మ్స్ సంస్థ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరింది.

రెండో దారి కూడా ఒకటి ఉంది. సింగపూరులోని స్కై గ్రీన్స్ సంస్థ తొమ్మిది మీటర్ల ఎత్తు చట్రాలలో తొట్లు నెమ్మదిగా పైకీ కిందికీ తిరుగుతూ, అన్ని మొక్కలకూ వంతులవారీగా ఎండ తగిలేలా అమర్చి 2012లో వాణిజ్యపరంగా సాగు మొదలుపెట్టింది. మన మిద్దె మీద తిరిగే చట్రం అక్కరలేదు, తొట్లను చేత్తో మార్చుకోవచ్చు. కానీ ఎండను పంచుకోవాలన్న సూత్రం మాత్రం అదే.

మొక్క మీద రోజంతా పడే వెలుతురును శాస్త్రజ్ఞులు మోల్ అనే కొలతలో చెప్తారు. ఆకుకూరలకు చదరపు మీటరుకు రోజుకు 12 నుంచి 17 మోళ్లు సరిపోతాయి. మబ్బులేని రోజున ఆరుబయట మిద్దె మీద దానికి రెండు మూడు రెట్లు పడుతుంది. పై అర తీసుకోగా మిగిలిన వెలుతురు పక్కల నుంచి లోపలికి దూరితే మరో రెండు అరలు బతుకుతాయి. నాలుగోది, అయిదోది నీడలో పాలిపోయి, సన్నగా సాగి, పేనుబంకకు ఆహారమవుతాయి. కాబట్టి నిట్టనిలువు చట్రమైతే మూడు అరలకు, మెట్ల తరహా చట్రమైతే నాలుగు మెట్లకు మించవద్దని నా సలహా. అమ్మకానికి పెట్టే చట్రాలలో ఏడెనిమిది అరలు కనిపిస్తే, అవి పూల కుండీలను అందంగా పేర్చుకోవడానికి చేసినవని గుర్తించాలి.

వెలుతురు ఏ దిక్కు నుంచి వస్తుందో కూడా తెలియాలి. వరంగల్ ఇంచుమించు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే రెండో వారం నుంచి జూలై చివరి వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరు చివరలో దక్షిణానికి వాలి 48 డిగ్రీల ఎత్తు వరకే లేస్తాడు. దక్షిణం వైపు తెరిచి ఉన్న మెట్ల చట్రానికి దీపావళి నుంచి హోలీ దాకా అన్ని మెట్ల మీదా చక్కని ఎండ పడుతుంది. అపార్ట్‌మెంటులో ఉండేవారికి తూర్పు బాల్కనీ అన్నిటికన్నా మేలైనది, ఎందుకంటే ఉదయపు ఎండ మూడు నాలుగు గంటలు తగిలి, వేడి ముదిరేసరికి నీడ వచ్చేస్తుంది. పడమటి బాల్కనీలో వేసవి సాయంత్రం గోడ కూడా వేడిని కక్కుతుంది కనుక అక్కడ మార్చి తరువాత ఏమీ పెట్టకపోవడమే మంచిది. ఉత్తరపు బాల్కనీలో ఏడాదిలో ఎక్కువ నెలలు నేరుగా ఎండ పడదు. అక్కడ పుదీనా ఒక్కటి పెట్టుకుని తృప్తి పడాలి.

బరువు లెక్క

వెలుతురు తరువాత చూడవలసింది స్లాబు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం, మనుషులు ఎక్కి తిరిగే చదునైన మిద్దెను చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు భారానికి లెక్కగట్టి కడతారు. ఈ అంకెను పక్కన పెట్టుకుని ఒక చట్రం బరువు లెక్క వేద్దాం.

మార్కెట్లో కూరగాయలు, పండ్లు తెచ్చే ప్లాస్టిక్ క్రేట్లు ఇంచుమించు 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. ఒక్కో మెట్టు మీద రెండేసి చొప్పున నాలుగు మెట్లకు ఎనిమిది క్రేట్లు పెట్టి, ఒక్కోదాన్ని 15 సెంటీమీటర్ల లోతున నింపితే మొత్తం 288 లీటర్ల మిశ్రమం పడుతుంది. అది మామూలు మట్టి అయితే తడిసినప్పుడు 490 కిలోల వరకు తూగుతుంది. కొబ్బరిపొట్టు, వానపాముల ఎరువు ఎక్కువగా ఉండే తేలిక మిశ్రమమైతే తడితో సహా 230 కిలోల దగ్గర ఆగుతుంది. చట్రంతో కలిపి 250 అనుకుందాం. ఈ చట్రం ఆక్రమించే చోటు 1.2 చదరపు మీటర్లు. అంటే తేలిక మిశ్రమంతో కూడా చట్రం కింద పడే భారం పరిమితిని దాటుతోంది. చట్రం ముందు మీటరు వెడల్పు నడక దారి ఖాళీగా వదిలి, రెండింటినీ కలిపి సగటు తీస్తేనే చదరపు మీటరుకు 104 కిలోలకు దిగుతుంది. మట్టి నింపితే ఆ సగటు కూడా 200 దాటిపోతుంది. అందువల్ల అరలలో మట్టి ఎందుకు వాడకూడదో వేరే చెప్పనక్కరలేదు.

చట్రాలను గది మధ్య భాగం పైన కాకుండా, కింద గోడ గానీ దూలం గానీ ఉన్న వరుసలో, పిట్టగోడకు దగ్గరగా పెట్టాలి. రెండు చట్రాలను వీపులు ఆనించి మిద్దె నడుమ నిలపడం చూడటానికి బాగుంటుంది కానీ భారమంతా ఒకేచోట పడుతుంది. పాత ఇల్లయినా, స్లాబు కింద తడి మచ్చలు, పెచ్చులూడిన చోట్లు, బయటపడిన చువ్వలు ఉన్నా, ఇంజినీరుకు చూపించకుండా ఒక్క క్రేటు కూడా ఎక్కించవద్దు. అద్దె ఇళ్లలో యజమానిని, అపార్ట్‌మెంట్లలో సంఘాన్ని అడిగిన తరువాతనే మొదలుపెట్టడం మర్యాద మాత్రమే కాదు, కింది ఇంటి పైకప్పు కారినప్పుడు వచ్చే తగవును ముందే తప్పించుకోవడం కూడా.

చట్రం కట్టించడం

ఏ వెల్డింగ్ షాపులోనైనా అంగుళం చదరపు ఇనుప గొట్టాలతో ఈ చట్రం చేసి ఇస్తారు. పొడవు 1.2 మీటర్లు ఉండాలి. మొదటి మెట్టు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, ఆపైన ప్రతి మెట్టూ 30 సెంటీమీటర్లు పైకి లేస్తూ 20 సెంటీమీటర్లు వెనక్కి జరగాలి. ఈ విధంగా నేల మీద ఒక మీటరు లోతు తీసుకునే చట్రంలో 1.6 మీటర్ల సాగు వెడల్పు దొరుకుతుంది. లాభం ఇంతేనా అనిపించవచ్చు. కానీ వంగకుండా కోసుకునే వీలు, మెట్ల కింద చల్లగా ఉండే చోటు, నాలుగు మెట్లకూ అందే వెలుతురు కలిపి చూస్తే నిట్టనిలువు చట్రం కంటే ఇదే నయం. గోడవారగా చోటు మరీ ఇరుకుగా ఉన్నవారు నిలువు చట్రమే పెట్టుకోవాలి. అప్పుడు అర లోతు 45 సెంటీమీటర్లకు మించకుండా, అరకూ అరకూ మధ్య కనీసం 60 సెంటీమీటర్ల ఖాళీ ఉండేలా చూడాలి.

కాళ్ల కింద 15 సెంటీమీటర్ల చదరపు ఇనుప పలకలు అతికించి, వాటి కింద పాత టైరు ముక్కలు వేస్తే స్లాబు మీది వాటర్‌ప్రూఫింగ్ పూత చిట్లదు. వాన నీరు గొట్టం వైపు పారే దారికి కాళ్లు అడ్డం రాకూడదు. రెడ్ ఆక్సైడ్ పూసిన తరువాతనే రంగు వేయించాలి, లేకపోతే రెండు వానాకాలాలలో తుప్పు మచ్చలు గచ్చుకు అంటుకుంటాయి. చట్రాన్ని పిట్టగోడకు రెండు చోట్ల బోల్టులతో బిగించడం తప్పనిసరి. ఏప్రిల్, మే నెలలలో సాయంత్రం పూట రాళ్లవానతో వచ్చే ఈదురుగాలి రేకులనే లేపుతుంది.

ఇక కోతులు. ఉత్తర తెలంగాణలో మిద్దె మీద ఏది పచ్చగా కనిపించినా వాటి కళ్లు పడతాయి, పురుగులన్నిటినీ కలిపినా అవి చేసినంత నష్టం చేయవు. మీ వీధిలో కోతుల మంద తిరుగుతుంటే, చట్రంతోపాటే నాలుగు వైపులా పైన కూడా అంగుళం కంతల వెల్డ్ మెష్ జాలీ బిగించి, ముందు భాగానికి తలుపు పెట్టించుకోవాలి. తరువాత చేయిద్దామని వాయిదా వేస్తే మొదటి పంట వాటిదే. ఎండను తగ్గించే షేడ్ నెట్‌ను కూడా ఈ జాలీ మీదే వేయకుండా, అడుగున్నర ఎత్తున విడిగా కట్టాలి, అప్పుడే కింది వేడి పైకి పోయే సందు ఉంటుంది.

మిశ్రమం

కొలత పాత్ర ఏదైనా సరే, అయిదు పాళ్లు కొబ్బరిపొట్టు, మూడు పాళ్లు వానపాముల ఎరువు లేదా బాగా మాగిన పెంట ఎరువు, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు సగం కాల్చిన ఉనుక (వడ్ల పొట్టు) కలపాలి. క్రేటుకు పిడికెడు వేపపిండి చేర్చాలి. కొబ్బరిపొట్టు అయిదు కిలోల ఇటుకలుగా దొరుకుతుంది. ఒక్కో ఇటుక నీటిలో ఉబ్బి 60 నుంచి 70 లీటర్లవుతుంది కనుక ఒక చట్రానికి ఇంచుమించు రెండు కావాలి. దానిలో లవణాలు ఉంటాయి. పెద్ద తొట్టిలో నానబెట్టి, పిండి, నీళ్లు మార్చి, మళ్లీ నానబెట్టి రెండు మూడు సార్లు కడగకపోతే మెంతులు మొలిచి, రెండాకుల దశలోనే అంచులు మాడిపోతాయి. ఉనుక మన చుట్టుపక్కల రైస్ మిల్లుల దగ్గర సులభంగా దొరుకుతుంది. దానిని బూడిద కానీయకుండా నల్లగా మారగానే నీళ్లు చల్లి ఆర్పాలి. బూడిదగా మారితే క్షార గుణం పెరుగుతుంది.

క్రేటు అడుగునా చుట్టూ షేడ్ నెట్ గుడ్డ రెండు మడతలు పరిచి మిశ్రమం నింపాలి. పాలిథిన్ పరిచేవారు అడుగున కంతలు పెట్టడం మరిచిపోతే వేళ్లు కుళ్లుతాయి.

నీరు

ఉత్తర తెలంగాణలో నీటి పారుదల గురించి చెప్పేటప్పుడు కాకతీయుల గొలుసుకట్టు చెరువులు గుర్తుకు రాకుండా ఉండవు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరినట్టు, పై మెట్టు క్రేట్ల నుంచి కారే నీరు కింది మెట్టు క్రేట్లలో పడేలా అమర్చుకుంటే చుక్క కూడా వృథా కాదు. దీనికి ఒక ఇబ్బంది ఉంది. పై నుంచి దిగే నీరు ఎరువుల సారాన్నీ లవణాలనూ కూడా మోసుకొస్తుంది కనుక అవి చివరి మెట్టులో పేరుకుంటాయి. క్రేటు అంచుల్లో తెల్లని పొర కనిపిస్తే అదే గుర్తు. నెలకొకసారి కింది మెట్టు క్రేట్లను పక్కకు దింపి, ధారగా నీళ్లు పోసి కడిగేస్తే సరిపోతుంది; వానాకాలంలో ఆ పని వానే చేస్తుంది.

వేసవిలో ఒక చదరపు మీటరు సాగుకు రోజుకు ఆరేడు లీటర్లు, చలికాలంలో మూడు నాలుగు లీటర్లు పడతాయి. మన చట్రంలో సాగు విస్తీర్ణం ఇంచుమించు 1.9 చదరపు మీటర్లు కనుక వేసవిలో రోజుకు 11 నుంచి 13 లీటర్లు, చలికాలంలో 6 నుంచి 8 లీటర్లు చాలు. ఒకటి రెండు చట్రాలున్నవారు చేత్తో పోసుకోవడమే మంచిది, ఎందుకంటే రోజూ ఆకును దగ్గరగా చూడటం అలవాటవుతుంది. ఊళ్లకు వెళ్లేవారికి డ్రిప్ కావాలి. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. మిద్దె మీది ట్యాంకు చట్రం కంటే ఒకటి రెండు మీటర్లే ఎత్తులో ఉంటుంది కనుక ఆ నీటికి 0.1 నుంచి 0.2 బార్ ఒత్తిడి మాత్రమే ఉంటుంది. పొలాలకు వాడే ఒత్తిడి సరిదిద్దే డ్రిప్పర్లు ఆ ఒత్తిడికి సరిగా పనిచేయవు; కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వులలో చాలా రకాలు తెరుచుకోవు. 16 మిల్లీమీటర్ల గొట్టం నుంచి సన్నని మైక్రో ట్యూబులు తీసుకుని, ఒత్తిడి లేకున్నా పనిచేసే బాల్ వాల్వు రకం టైమరు పెట్టుకుంటే ట్యాంకు నీటితోనే నడుస్తుంది.

నల్లా నీళ్లు అన్నిటికన్నా మంచివి. బోరు నీళ్లు చాలా కాలనీలలో కఠినంగా ఉంటాయి; వాటితో ఏడాదంతా పెంచితే మిశ్రమం క్షారమై, కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారి ఇనుప లోపం చూపిస్తాయి. వేసవిలో ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కనుక దానిని బోరు నీటితో కలిపి వాడుకోవచ్చు. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీరు మాత్రం వద్దు, అది లవణాలు చిక్కబడిన నీరు. క్రేట్ల కింద పళ్లాలు పెట్టినవారు వాటిలో నీరు నిలవకుండా రెండు రోజులకొకసారి పారబోయాలి. డెంగీ దోమకు ఆ కాస్త నీరే చాలు.

ఏ కాలంలో ఏమి విత్తాలి

కొత్తవారు సెప్టెంబరు చివరి వారంలో మొదలుపెట్టడం మంచిది. వానలు తగ్గి, ఎండ మెత్తబడి, మొదటి ప్రయత్నానికి కాలం తోడుగా ఉంటుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మెంతి, పాలకూర, కొత్తిమీర, చుక్కకూర ఏది వేసినా వస్తుంది. మెంతిలో పూసా ఎర్లీ బంచింగ్, పాలకూరలో ఆల్ గ్రీన్, పూసా జ్యోతి పేరున్న రకాలు. మెంతులను ఒక రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలిచి 20 నుంచి 25 రోజులకు వంటింటికి వస్తాయి. ధనియాలను నేలకేసి మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, 12 గంటలు నానబెట్టి విత్తాలి. కిరాణా కొట్టులో పాతబడిన ధనియాలు మొలుస్తాయన్న నమ్మకం లేదు కనుక విత్తనాల దుకాణంలోనే కొనాలి. పాలకూర మొదటి కోత 30 నుంచి 35 రోజులకు వస్తుంది, వేళ్లతో సహా పీకకుండా రెండంగుళాలు వదిలి కోస్తే పన్నెండు పదిహేను రోజులకొకసారి మళ్లీ చిగురిస్తుంది.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు తోటకూర, పుంటికూర, బచ్చలి, గంగవాయిలి కూర వేయాలి. తోటకూర విత్తనం మరీ సన్నం. పది రెట్లు ఇసుకతో కలిపి చల్లకపోతే ఒకేచోట గుబురుగా మొలిచి, మబ్బు పట్టిన వారంలో నారుకుళ్లుతో పడిపోతుంది. పుంటికూరను పై మెట్టు మీద పెట్టాలి, దానికి ఎండ ఎక్కువ కావాలి. బచ్చలి తీగను చట్రం పక్క గొట్టానికి పాకిస్తే దానికి విడిగా చోటు అక్కరలేదు. పుదీనా ఏడాది పొడుగునా అడుగు మెట్టు మీదే ఉంటుంది. దానికి విత్తనం కూడా కొననక్కరలేదు, వంటకు తెచ్చిన కట్టలో ముదురు కాడలు నాలుగు గుచ్చితే చాలు.

మార్చి నడుమ నుంచి 50 శాతం షేడ్ నెట్ వేయాలి. మన ఎండ నుంచి సగం తీసేసినా ఆకుకూరకు కావలసినంత మిగులుతుంది. కొత్తిమీర, పాలకూర ఈ వేడికి ఆకు పెట్టకుండా పూతకు పోతాయి, లెట్యూస్ చేదెక్కుతుంది. ఏప్రిల్‌లో తోటకూర, గంగవాయిలి, బచ్చలి తప్ప మిగతావాటి మీద ఆశ వదులుకోవాలి.

వారానికి రెండు క్రేట్లు చొప్పున విత్తుకుంటూ పోతే నాలుగు వారాలకు చట్రం నిండుతుంది, అయిదో వారం నుంచి మొదటి క్రేట్లు ఖాళీ అవుతూ ఉంటాయి. అన్నీ ఒకేరోజు విత్తినవారికి ఒక వారం ఇరుగుపొరుగుకు పంచేంత ఆకు, తరువాత మూడు వారాలు శూన్యం. సక్రమంగా నడిచే చట్రం నెలకు నాలుగైదు కిలోల ఆకు ఇస్తుంది. నలుగురున్న ఇంట్లో వారానికి నాలుగు సార్లు అరకిలో చొప్పున పప్పులోకో, తొక్కులోకో ఆకుకూర వాడుకుంటారనుకుంటే నెలకు ఎనిమిది కిలోలు కావాలి, అంటే రెండు చట్రాలు. వంకాయ, టమాట, బెండ ఈ అరలకు తగవు. వాటి వేళ్లకు లోతు, కాయకు ఇంకా ఎక్కువ ఎండ కావాలి. మిర్చికి పేరున్న ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో మిరపను కూడా అరల మీద పండించాలని ఉబలాటపడేవారు ఉంటారు. ఒకటి రెండు మొక్కలను పక్కన విడి కుండీలో పెట్టుకోవచ్చు.

మెంతి, తోటకూర వంటివి మిశ్రమంలోని సారాన్ని తొందరగా లాగేస్తాయి కనుక కోత అయిన ప్రతిసారీ క్రేటుకు రెండు గుప్పిళ్ల వానపాముల ఎరువు చల్లాలి. ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం వంటి ద్రవాలను మొదలు దగ్గర మాత్రమే పోయాలి, కోతకు వారం ముందు ఆపేయాలి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాల ఆకుల మీద పడనీయకూడదు. పేనుబంక, తెల్లదోమ కనిపిస్తే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా పిచికారీ చేయాలి. ఇరవై రోజుల్లో తినే ఆకు మీద పురుగుమందు కొట్టే ఆలోచనే పెట్టుకోవద్దు. బాగా పట్టిన క్రేటును ఖాళీ చేసి మళ్లీ విత్తడం చౌక. తెగులు ఏదో పోల్చుకోలేనప్పుడు ఆకును తీసుకుని మామునూరులోని కృషి విజ్ఞాన కేంద్రానికో, వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికో వెళ్లి చూపించవచ్చు.

గొట్టాలలో మట్టి లేని సాగు కావాలనుకుంటే

పీవీసీ గొట్టాలకు కంతలు పెట్టి, పోషకాలు కలిపిన నీటిని పలచని పొరగా పారించే పద్ధతిని ఎన్‌ఎఫ్‌టీ అంటారు. 1960లలో ఇంగ్లండులో అలెన్ కూపర్ దానిని అభివృద్ధి చేశారు. బరువు తక్కువ కావడం దీనిలో పెద్ద గుణం. అయినా మన మిద్దెల మీద దీనిని నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే నడపాలి. నీరు వేడెక్కినకొద్దీ దానిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములుండేది 35 డిగ్రీలకు 7 మిల్లీగ్రాములకు దిగుతుంది, అదే సమయంలో వేళ్లకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, వేరుకుళ్లు శిలీంధ్రం విజృంభిస్తుంది. ఎండలో కాలే గొట్టంలో నీరు 35 డిగ్రీలకు చేరడం మార్చిలోనే మొదలవుతుంది. పైగా కరెంటు పోయి పంపు ఆగితే ఆ పలచని పొర ఎండిపోయి మొక్కలు గంటల్లోనే వాడిపోతాయి కనుక పంపును ఇన్వర్టరుకు కలిపి ఉంచాలి.

గొట్టం మీటరుకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు వాలుగా, నీరు నిమిషానికి ఒకటి రెండు లీటర్లు పారేలా ఉండాలి. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య, కరిగిన పోషక లవణాల చిక్కదనాన్ని చెప్పే ఈసీ 1.2 నుంచి 1.8 (మిల్లీసీమెన్స్/సెం.మీ.) మధ్య నిలపాలి. ఈ రెండింటినీ కొలిచే మీటర్లు కొనని వారు ఈ పద్ధతి జోలికి పోవద్దు. పోషకాలు రెండు సీసాలుగా ఎందుకు ఇస్తారంటే, చిక్కని రూపంలో కాల్షియం నైట్రేట్, సల్ఫేట్లు కలిస్తే జిప్సమ్‌గా గడ్డకట్టి అడుగుకు చేరుతుంది. కాబట్టి మొదటిదానిని తొట్టి నిండా ఉన్న నీటిలో కలిపిన తరువాతనే రెండోది పోయాలి.

మే నెల విరామం

మే మొదటి వారంలో చివరి కోత ముగించి, పుదీనా క్రేటును నీడకు చేర్చి, మిగతా క్రేట్లకు విరామం ఇవ్వాలి. మిశ్రమాన్ని ఒకచోట కుమ్మరించి, పాత వేళ్లు ఏరివేసి, తడిపి, పారదర్శకమైన పాలిథిన్ పట్టాతో గాలి చొరకుండా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి నాలుగు వారాలు వదిలేయాలి. అడుగు మందానికి మించి పోయకూడదు, కుప్ప లోపలికి వేడి దిగదు. ఏప్రిల్ దాకా మొక్కలను మాడ్చిన ఎండే ఈ పట్టా కింద నులిపురుగులను, నారుకుళ్లు శిలీంధ్రాలను చాలావరకు చంపుతుంది. ఆ వారాలలో చట్రం కాళ్లకు తుప్పు ఉంటే గీకి రంగు వేయించి, జాలీ తీగలు బిగించి, పిట్టగోడ బోల్టులు చూసుకోవాలి. మృగశిర కార్తె వచ్చి మొదటి వాన పడగానే పట్టా తీసి, మిశ్రమంలో నాలుగో వంతు కొత్త వానపాముల ఎరువు కలిపి, పై రెండు మెట్లలో పుంటికూర, కింది మెట్లలో తోటకూర విత్తుకోవచ్చు.